పిచికారికి గాలి తోడైన కథ

యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలు ఫాల్గుణ శుద్ధ విదియ నాడు మొదలై ద్వాదశితో ముగుస్తాయి. కల్యాణం, రథోత్సవం, చక్రతీర్థం, డోలోత్సవం అన్నీ అయి రెండు మూడు రోజులు తిరిగేసరికి పున్నమి వస్తుంది. అది కాముని పున్నమ. ఉత్తరాదిలో హోలీ అంటే ప్రహ్లాదుణ్ని ఒళ్లో పెట్టుకుని మంటల్లో కూర్చున్న హోలిక కథ. ఆ ప్రహ్లాదుడి కోసం స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి కొలువైన గుట్ట ఇది. అయినా ఇక్కడి ఊళ్లలో పండుగ పేరు మాత్రం కాముడిదే. పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటింటా ఇంత బియ్యమో, నాలుగు పైసలో పెడతారు. రాత్రికి పిడకలు, కట్టెలు పోగేసి కాముణ్ని కాలుస్తారు. తెల్లారితే రంగునీళ్లు.

ఆ రంగునీళ్లను ఒకరి చేతిలోంచి ఇంకొకరి ఒంటి మీదికి చేర్చే పనిముట్టు కథ ఇది. వెదురు బొంగుతో మొదలై, మంటలార్పే యంత్రాల మీదుగా, పత్తిచేలో మందు కొట్టే పంపు మీదుగా తిరిగి, గురుగ్రహానికి నౌకను పంపిన ఇంజనీరు ఇంట్లోని స్నానాలగదిలో కొత్త రూపం ఎత్తింది. దారి పొడుగునా దీన్ని తయారుచేసినవాళ్లను వేధించింది ఒక్కటే ఇబ్బంది. ఒకసారి చిమ్మగానే గొట్టం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని జయించాలని రెండువేల ఏళ్లకు పైగా తెలివైనవాళ్లు పాటుపడ్డారు. నన్నడిగితే ఆటను ఆట చేసేది ఆ ఖాళీయే. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు వెదురు దగ్గరికి వెళ్లాలి.

మూరెడు వెదురు బొంగు తీసుకుంటారు. ఒక కొసన కణుపు ఉండాలి, రెండో కొస తెరిచి ఉండాలి. సన్నటి ఇనుప సలాకను పొయ్యిలో ఎర్రగా కాల్చి కణుపు మధ్యలో గుచ్చితే రంధ్రం పడుతుంది. మేకుతో పొడిచినా రంధ్రం పడుతుంది గాని అంచులు పీచుపీచుగా లేస్తాయి. ఆ పీచు తగిలి ధార బయటికి వస్తూనే చెదిరిపోతుంది. కాల్చి వేసిన రంధ్రం అంచు నునుపుగా ఉంటుంది కాబట్టి ధార కొంతదూరం తీగలా సాగి, ఆ తర్వాతే చినుకులుగా విడుతుంది. ఇక లోపలికి ఒక పుల్ల. పుల్ల కొసకు పాత నూలుగుడ్డ పేలికలు బిగించి చుట్టి, దారంతో కట్టి, నీళ్లలో నానబెడతారు. నానిన గుడ్డ ఉబ్బి బొంగు గోడలకు అతుక్కుంటుంది. రంధ్రమున్న కొసను నీళ్లలో ముంచి పుల్లను వెనక్కి లాగితే బొంగు నిండుతుంది. గురిచూసి నెడితే చిమ్ముతుంది. చుట్టు వదులైతే నీళ్లు వెనక్కి కారి మోచేతులు తడుస్తాయి, మరీ బిగువైతే పుల్ల విరుగుతుంది. ఆ బిగువు ఎంతన్నది చేతికి తెలియాల్సిందే, నోటితో చెబితే రాదు.

ఈ చిన్న గొట్టంలో ఎంత బలం ఉందో లెక్క వేయవచ్చు. లోపలి వెడల్పు మూడు సెంటీమీటర్లు, పొడవు ముప్పై సెంటీమీటర్లు అనుకుంటే పట్టే నీళ్లు 210 మిల్లీలీటర్లు, అంటే పావు లీటరుకు కాస్త తక్కువ. పదేళ్ల పిల్లవాడు పది కిలోల బరువుకు సమానమైన బలంతో పుల్లను నెడితే ఆ బలం ఏడు చదరపు సెంటీమీటర్ల గుడ్డ మీద పడుతుంది. చదరపు సెంటీమీటరుకు కిలోన్నర దగ్గర ఒత్తిడి. మూడు మిల్లీమీటర్ల రంధ్రంలోంచి ఆ ఒత్తిడికి నీళ్లు సెకనుకు 16 మీటర్ల వేగంతో బయటపడాలి. గాలి అడ్డు లేకపోతే అవి పాతిక మీటర్ల దూరం పోవాలి. ధార చెదిరి, గుడ్డ సందుల్లో కారి, అందులో సగం కూడా రాదన్నది వేరే మాట. అసలు సంగతేమిటంటే, ఈ లెక్కన బొంగు రెండే సెకన్లలో ఖాళీ.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. బొంగు వెడల్పు సగానికి తగ్గిస్తే అదే చేతి బలానికి ఒత్తిడి నాలుగింతలవుతుంది, ధార వేగం రెండింతలవుతుంది. అందుకే సన్న బొంగు దూరం కొడుతుంది, లావు బొంగు మనిషిని నిలువునా తడుపుతుంది. ఏది కావాలో ఎంచుకోవాలి, రెండూ ఒకే బొంగులో దొరకవు. నీళ్ల వేగానికీ ఎత్తుకూ ఉన్న లంకెను పదిహేడో శతాబ్దంలో ఇటలీలో టొరిచెల్లి సూత్రంగా రాశాడు. ఒత్తిడి ద్రవంలో అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సులో పాస్కల్ తేల్చాడు. సన్న బొంగు ఏరుకున్న పిల్లలకు అది ముందే చేతి అనుభవం.

బొంగులో పోసే రంగుకూ తయారీ ఉంది. ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ చెట్లు ఆకు రాల్చి, కొమ్మల నిండా నిప్పు రంగు పూలతో నిలబడతాయి. ఆ పూలు తెచ్చి రాత్రంతా నానబెట్టి, పొద్దున మరగబెడితే పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే రంగు ఎరుపుకు తిరుగుతుంది. పూలలోని వర్ణకం సున్నంలోని క్షారంతో కలిసి మారే మార్పు అది. పసుపునీళ్లలో సున్నం కలిపి పెళ్లిళ్లలో వసంతాలు ఆడతామే, అక్కడ జరిగేదీ ఇలాంటిదే. మోదుగ రంగు ఒంటి మీద మొండికెయ్యదు, రెండు చెంబుల నీళ్లకు పోతుంది. బజారులో దొరికే మెరుపు రంగుల గురించి ఆ మాట చెప్పలేం.

ఈ ఆట ఎంత పాతదో చెప్పడానికి మంచి సాక్ష్యాలున్నాయి. ఏడో శతాబ్దపు రాజు హర్షుడు రాసిన రత్నావళి నాటకం మొదటి అంకంలోనే కౌశాంబి నగరంలో మదనోత్సవం జరుగుతుంది. జనం కొమ్ము ఆకారపు గొట్టాలతో ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటారు. మదనుడంటే కాముడే. కాముడి పేరుమీద నీళ్లు చల్లుకోవడం అప్పటికే రాజధాని వీధుల్లో స్థిరపడిన వేడుక అన్నమాట. పద్నాలుగో శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయలని పేరు పొందాడు. ఆ వేడుకలకు కావలసిన కర్పూరం, చందనం, కస్తూరి సముద్రం దాటి వచ్చేవి. వాటిని తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. హంపీ మహానవమి దిబ్బ రాతి పలకల మీద చిమ్మనగ్రోవులు పట్టిన స్త్రీలను శిల్పులు చెక్కారు. రాజుల చేతిలో అది బంగారమో వెండో అయి ఉంటుంది. పనిచేసే తీరు మాత్రం వెదురు బొంగుదే: లాగు, నెట్టు, ఖాళీ.

ఖాళీ మీద మొదటి దాడి ఆట కోసం జరగలేదు, మంటల కోసం జరిగింది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే మంగలి కొడుకు రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టి, ఒకటి నిండుతుంటే ఇంకొకటి నెట్టేలా పంపు చేశాడు. నీళ్లు ఆగకుండా వచ్చాయి గాని కుదుపుతో వచ్చాయి. ఊళ్లో బోరింగు కొట్టినవాళ్లందరికీ ఆ కుదుపు తెలుసు. పిడి కిందికి నొక్కినప్పుడు దబ్బున పడి, పైకి లేచినప్పుడు ధార సన్నబడుతుంది. బిందె నింపుకోవడానికి అది చాలు. ఎత్తయిన ఇంటికప్పు మీది మంట ఆర్పడానికి చాలదు.

ఆ కుదుపును తీర్చింది గాలి. పంపుకూ గొట్టానికీ నడుమ ఒక మూసిన గది పెట్టి, అందులో కొంత గాలిని వదిలేశారు. పంపు నెట్టిన నీళ్లు ముందు ఆ గదిలోకి చేరి పైనున్న గాలిని నొక్కుతాయి. నొక్కుడుపడ్డ గాలి స్ప్రింగులాగా తిరిగి నీళ్లను నెడుతుంది. పిడి పైకి లేస్తున్న క్షణంలో కూడా గాలి తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే ధార తెగదు. లండన్‌లో గుండీలు చేసి అమ్మే రిచర్డ్ న్యూషమ్ 1721లో, 1725లో పేటెంట్లు పొంది, ఇలాంటి గాలి గది ఉన్న అగ్నిమాపక యంత్రాలను అమ్మాడు. ఈ కథలో అసలు మలుపు నా దృష్టిలో ఇదే. మనిషి చేతి బలాన్ని అప్పటికప్పుడు ఖర్చు చేయకుండా దాచిపెట్టుకునే చోటు దొరికింది.

ఆ గాలి గది తర్వాత మనిషి వీపు ఎక్కింది. 1880ల్లో ఫ్రాన్సు ద్రాక్షతోటలకు బూజు తెగులు పట్టినప్పుడు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మందుగా తేలింది. దాన్ని ఆకు ఆకుకూ చేర్చడానికి విక్టర్ వెర్మొరెల్ వీపున మోసే పంపు తయారుచేశాడు. దాని వారసులను చూడటానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆలేరు, భువనగిరి, మోత్కూరు వైపు పత్తి వేసే ఏ రైతు ఇంటి పంచలోనైనా చూడవచ్చు. వీపున పదహారు లీటర్ల డబ్బా, ఎడమ చేతికి పిడి, కుడి చేతిలో పొడవాటి గొట్టం, గొట్టం మొదట్లో నొక్కే మీట. రైతు ఎడమ చేత్తో నాలుగుసార్లు పిడి కొట్టి, పది అడుగులు నడిచి, మళ్లీ నాలుగుసార్లు కొడతాడు. కొట్టడం ఆగినా తుంపర ఆగదు. లోపలున్న చిన్న గదిలో నొక్కుడుపడ్డ గాలి నెడుతూ ఉంటుంది. మీట వదిలితే ఆగుతుంది, నొక్కితే వస్తుంది. బలం పెట్టే సమయం వేరు, వాడే సమయం వేరు.

ఈ పంపు నూరేళ్లుగా చేలల్లో ఉన్నా, పిల్లల నీళ్ల తుపాకీలోకి గాలి చేరడానికి 1980ల దాకా పట్టింది. అప్పటిదాకా దుకాణాల్లో దొరికినవి మీట నొక్కినప్పుడల్లా ఇన్ని నీళ్లు ఉమ్మే చిన్న ప్లాస్టిక్ పిస్తోళ్లు. ఆ తర్వాత బ్యాటరీ మోటారుతో చిమ్మేవి వచ్చాయి. వాటిని నిజం తుపాకుల్లా కనిపించేలా చేయడం పెద్ద ప్రమాదమైంది. బొమ్మ తుపాకులను గుర్తుపట్టేలా రంగు గుర్తు ఉండాలని అమెరికా 1988లో చట్టం చేయాల్సి వచ్చింది.

గాలిని తెచ్చినవాడి పేరు లానీ జాన్సన్. 1949లో అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో పుట్టాడు. నల్లజాతి పిల్లలకు వేరే బడులున్న కాలం. ఆయన తండ్రి చేతిపని తెలిసినవాడు. వెదురు గొట్టాలతో, తురక వేప కాయలతో పేలే బొమ్మ తుపాకులు చేయడం పిల్లలకు నేర్పాడు. గొట్టం ఆ కొసన ఒక కాయ, ఈ కొసన ఒక కాయ బిగించి పుల్లతో నెడితే మధ్యలో గాలి నొక్కుకుని ముందుకాయను ‘ఠప్’మని ఎగరగొడుతుంది. ఇది మన దగ్గరివాళ్లకూ కొత్త కాదు. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడని చెప్పే అన్నమదేవుడి వంశం ఏలిన బస్తర్‌లో, జగదల్‌పూర్ గోంచా పండుగ నాడు జగన్నాథుడి రథం ముందు జనం పేల్చే తుప్కీ అచ్చంగా ఇదే. వెదురు గొట్టం, పెంగు కాయలు, మధ్యలో గాలి. నీళ్లు చిమ్మే వెదురూ, గాలితో పేలే వెదురూ మనవాళ్ల చేతుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. రెండూ వేర్వేరు పండుగల్లో వేర్వేరుగా ఉండిపోయాయి. ఆ రెంటినీ కలిపినవాడు అలబామాలో తండ్రి దగ్గర వెదురు పని నేర్చుకున్నవాడు.

జాన్సన్ బడిలో ఉండగానే తుక్కు సామానుతో లైనెక్స్ అనే మరమనిషిని చేశాడు. అది కదిలింది నొక్కుడుపడ్డ గాలితోనే. 1968లో అలబామా విశ్వవిద్యాలయంలో జరిగిన సైన్స్ ఫెయిర్‌లో దానికి మొదటి బహుమతి వచ్చింది. అయిదేళ్ల ముందు అదే విశ్వవిద్యాలయం గుమ్మంలో రాష్ట్ర గవర్నరే నిలబడి నల్లజాతి విద్యార్థులను రానివ్వనని అడ్డుకున్నాడు. ఆ ప్రాంగణంలో ఆ బహుమతి అందుకోవడం మామూలు విషయం కాదు. తర్వాత టస్కెగీలో ఇంజనీరింగ్ చదివాడు, వైమానిక దళంలో చేరాడు, నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబరేటరీలో గురుగ్రహానికి పంపే గెలీలియో నౌక విద్యుత్ వ్యవస్థ మీద పనిచేశాడు.

1982లో ఒక సాయంత్రం ఇంట్లో ఆయన చేస్తున్నది ఆటబొమ్మ పని కాదు. ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడే ఫ్రియాన్ వాయువు ఓజోన్ పొరను తినేస్తోంది. దానికి బదులు నీళ్లతో నడిచే హీట్ పంపు చేయాలన్నది ఆయన ఆలోచన. అందుకు తానే చెక్కిన నాజిల్‌ను స్నానాలగది కుళాయికి బిగించి తిప్పాడు. సన్నటి ధార గది అవతలికి దూసుకుపోయింది. ఆ విసురుకు లేచిన గాలికి తెర రెపరెపలాడింది. హీట్ పంపు సంగతి అలా ఉంచి, ఇది గొప్ప నీళ్ల తుపాకీ అవుతుందని ఆ క్షణాన ఆయనకు తట్టింది.

మొదటి నమూనా ఇంట్లో దొరికే సరంజామాతోనే: పీవీసీ పైపులు, గట్టి పారదర్శక ప్లాస్టిక్, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. కూతురు అనేకా దాన్ని పట్టుకుని ఆడితే మిగతా పిల్లల చేతి పిస్తోళ్లు దాని ముందు నిలవలేదు. 1986లో పేటెంటు వచ్చింది. పేటెంటు వచ్చినంత తేలిగ్గా తయారీ రాలేదు. సొంతంగా చేయిద్దామంటే మొదటి వెయ్యి తుపాకులకు రెండు లక్షల డాలర్లు అడిగారు. అంటే ఒక్కోటి 200 డాలర్లు. అంత పెట్టి ఏ తండ్రి కొంటాడు? కంపెనీల చుట్టూ తిరగడంలో ఏళ్లు గడిచాయి. 1989లో ఫిలడెల్ఫియాలోని లరామి కంపెనీ సమావేశ గదిలో పెట్టె తెరిచి, తుపాకీ తీసి, గది ఈ చివర నుంచి ఆ చివరికి చిమ్మాడు. లరామి ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఆయన పనిచేసిన గెలీలియో గురుగ్రహం వైపు బయలుదేరింది.

1990లో పవర్ డ్రెంచర్ పేరుతో పది డాలర్లకు బజారులోకి వచ్చింది. మరుసటి ఏడు సూపర్ సోకర్‌గా పేరు మారి, టీవీ ప్రకటనలు తోడై, అమ్మకాలు రెండేళ్లలో 20 కోట్ల డాలర్లు దాటాయి. దాని రంగులు చూడండి: ఆకుపచ్చ, పసుపు, నారింజ. ఎవరూ దాన్ని నిజం తుపాకీ అనుకోరు. 1995లో లరామిని హాస్‌బ్రో కొనేసింది. రాయల్టీలు తక్కువ ఇచ్చారని జాన్సన్ పోరాడితే 2013లో మధ్యవర్తి ఆయనకు దాదాపు 7.3 కోట్ల డాలర్లు ఇప్పించాడు. 2015లో ఆ బొమ్మ అమెరికా జాతీయ ఆటబొమ్మల గౌరవ మందిరంలో చేరింది. వచ్చిన డబ్బును జాన్సన్ అట్లాంటాలో ప్రయోగశాల పెట్టి, వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే యంత్రం మీద ఖర్చుపెడుతూ వచ్చాడు. శక్తి రంగం మీది ఆ పాత ధ్యాస ఆయన్ను వదల్లేదు.

పనిచేసే తీరు పత్తిరైతు పంపుకు దగ్గరి చుట్టమే. మొదటి రకాల్లో నీళ్ల సీసాలోకే గాలి కొట్టేవారు. నీళ్లు తగ్గేకొద్దీ లోపల ఖాళీ పెరిగి, అదే ఒత్తిడి రావాలంటే ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చేది. తర్వాతి వాటిలో నీళ్ల తొట్టి వేరు, గాలి గది వేరు అయ్యాయి. అయినా గాలితో ఒక చిక్కు మిగిలింది. నీళ్లు పోతున్నకొద్దీ గాలి వ్యాకోచించి ఒత్తిడి పడిపోతుంది, ధార చివర్లో కాళ్ల దగ్గరే పడుతుంది. 1996లో ఆ గాలి స్థానంలో దళసరి రబ్బరు సంచి పెట్టారు. ఉబ్బిన రబ్బరు ముడుచుకుంటూ మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే బలంతో నెడుతుంది. సైకిల్ ట్యూబు ముక్కకు ఒక కొస ముడివేసి, నీళ్లు నింపి, రెండో కొసను వేళ్లతో బిగబట్టి చిమ్మిన పల్లె పిల్లలకు ఆ రబ్బరు విద్య తెలిసిందే. 2018లో జర్మనీలో స్పైరా అనే తుపాకీ వచ్చింది. బ్యాటరీ మోటారుతో తనంతట తానే నీళ్లు పీల్చుకుని, ధారగా కాకుండా ఒక్కో ముద్దగా విసురుతుంది.

బలం ఇంత పెరిగాక ఆట ఎంత పెరిగింది? నా తీర్పు: దూరం పెరిగింది, తడుపు పెరిగింది, ఆట ఒక మేరకు పెరిగి ఆగింది. గాలి తోడైనందువల్ల జరిగిన మేలు ఒకటుంది. చేతిబలం తక్కువున్న చిన్నపిల్ల కూడా ఓపిగ్గా పదిసార్లు పంపు కొట్టి, పెద్దవాడితో సమానంగా చిమ్మగలదు. వెదురు బొంగులో కండబలం ఉన్నవాడిదే దూరం, గాలి గదిలో ఓపిక ఉన్నవాళ్లదే దూరం. ఇది చిన్న విషయం కాదు. కాని తొట్టి మరీ పెద్దదైతే ఒకడు నిలబడి చిమ్ముతూనే ఉంటాడు, మిగతావాళ్లు పరుగెత్తుతూనే ఉంటారు. అది వేట అవుతుంది. బొంగు ఖాళీ అయినప్పుడు ఏమవుతుందో గుర్తు చేసుకోండి. అప్పటిదాకా తరిమినవాడు వెనక్కి తిరిగి బకెట్ వైపు పరుగెత్తాలి. అతను వంగి పుల్ల లాగే ఆ రెండు క్షణాలు అవతలివాడివి. తరిమేవాడు తప్పించుకునేవాడవుతాడు. ఆటలో నవ్వంతా ఆ తారుమారులోనే పుడుతుంది. చిన్నవాడికి పెద్దవాడి మీద వంతు వచ్చేది అప్పుడే.

కాబట్టి మంచి నీళ్ల పోరాటానికి చిన్న గొట్టాలు కావాలి, అందరికీ ఒకే బకెట్ కావాలి, ఆ బకెట్ వాకిలి మధ్యలో అందరికీ కనబడేలా ఉండాలి. ఎవరి బకెట్ వాళ్లకు ఉంటే ఎవరి గోడచాటున వాళ్లు దాక్కుంటారు. బకెట్ దగ్గర నింపుకుంటున్నవాణ్ని కొట్టవచ్చా కూడదా అన్నది ముందే మాట్లాడుకోవాలి. నా మట్టుకు, కొట్టవచ్చు అన్న కట్టుబాటే బాగుంటుంది. ముఖం మీద, చెవుల్లో కొట్టకూడదన్న దాంట్లో మాత్రం బేరం లేదు. గాలి నిండిన తుపాకీ ధార దగ్గరి నుంచి కంటికి తగిలితే గాయమవుతుంది. ఆడనివాళ్ల మీద ఒక్క చుక్క పడకూడదు. ముఖ్యంగా గుట్ట దారుల్లో దర్శనానికి మడిబట్టలతో వెళ్లేవాళ్లుంటారు, దూరం నుంచి వచ్చిన ముసలివాళ్లుంటారు, బండ్ల మీద వెళ్లేవాళ్లుంటారు. బండి నడిపేవాడి మీద రంగునీళ్లు పడితే అది ప్రాణం మీదికి వస్తుంది.

పొద్దెక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మేలు. ఫాల్గుణంలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, తడిసిన అంగీ నిమిషాల్లో ఆరుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఒళ్లు జిగటజిగటగా ఉండిపోయే బాధ ఇక్కడ లేదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం అనే ఈ తాళం మన ఎత్తుభూముల పండుగకు దక్కిన వరం.

నీళ్ల సంగతి మాత్రం ఈ నేల మీద ఎవరూ తేలిగ్గా మాట్లాడకూడదు. యాదగిరిగుట్ట 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలోదే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలతో తరాలు గడిచిన జిల్లా అది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు నిలిచింది. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయిల్లో నదుల నీళ్లు శుద్ధి అయి వస్తున్నాయి. అవి తాగడానికి ఉంచి, ఆటకు బోరు నీళ్లు వాడుకోవాలి. ఫ్లోరైడ్ హాని కడుపులోకి పోతేనే గాని ఒంటి మీద పడితే కాదు. ఎన్ని నీళ్లు కావాలి? పది మంది పిల్లలకు రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు ఇస్తే, మన వెదురు బొంగు లెక్కన మనిషికి 19 సార్లు నింపుకోవచ్చు. ప్రతిసారీ పరుగు, గురి, తప్పించుకోవడం ఉంటాయి కాబట్టి పొద్దంతా ఆడినట్టే ఉంటుంది. అదే 40 లీటర్లు కుళాయికి తగిలించిన పైపులోంచి రెండు మూడు నిమిషాల్లో పోతాయి. ఖాళీ అయ్యే గొట్టం నీళ్లనూ కాపాడుతుంది.

బేగంబజారు నుంచి వచ్చే ప్లాస్టిక్ పిచికారి కొన్నా, వెదురు కోసి చేసినా ఈ లెక్కలు మారవు. వెదురుతో చేయించండి అని మాత్రం అడుగుతాను. సలాక కాల్చే పని పెద్దలు చేసి, గుడ్డ చుట్టే పని పిల్లలకు వదిలేయండి. మొదటిసారి వదులు అవుతుంది, కారుతుంది. వాళ్లే విప్పి మళ్లీ చుట్టుకుంటారు.

చివరగా రైతు కుటుంబాలకు ఒక మాట. కాముని పున్నమ నాటికి పత్తి పని అయిపోయి, మందు కొట్టే పంపు పంచలో ఊరికే పడి ఉంటుంది. రంగునీళ్లు చిమ్మడానికి అంతకు మించిన యంత్రం లేదని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని ముట్టనివ్వకండి. ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో, వాషర్లలో, గాలి గదిలో పురుగుమందు ఆనవాళ్లు మిగిలే ఉంటాయి. అవి చర్మం గుండా, కళ్ల గుండా, ఊపిరి గుండా లోపలికి పోతాయి. మందు డబ్బాలను రంగు కలపడానికి కూడా వాడనివ్వకండి. పండుగ ముందు రోజే పంపునూ డబ్బాలనూ గదిలో పెట్టి తాళం వేయండి.